పాలరాయి కేసులో మా బాపు హాజరు

ఇదొక మహాగాథ. ఒక తండ్రి, ఒక కూతురు, మధ్యలో సముద్రం. ధర్మాసనం మీద న్యాయమూర్తి, ఊపిరి బిగబట్టి చూస్తున్న జనం, ఒక్క మాటతో నిండు న్యాయస్థానాన్ని నిశ్శబ్దం చేసిన సామాన్యుడు. రుమాళ్ళు దగ్గర పెట్టుకోండి.

అబద్ధం. ధర్మాసనం లేదు, ఆ న్యాయమూర్తి వాళ్ళింట్లో పుస్తకాల అల్మారా ముందు కూర్చున్నాడు. కేసు ఒక హోటల్ లాబీలో పరిచిన పాలరాయి పసుపెక్కడం గురించి. తప్పు రాయిదా, రాయి కింద పూసిన జిగురుదా అని రెండు కంపెనీలు రెండేళ్ళుగా కొట్లాడుకుంటున్నాయి. జనం ఊపిరి బిగబట్టిన మాట మాత్రం నిజం. అదైనా క్యాంపు వంటగదిలో ఎవరో ఎండుమిరపకాయలు వేయించడం వల్ల.

మా బాపు మొదటిసారి దుబాయ్ పోయినప్పుడు నాకింకా నడక రాలేదట. మా జగిత్యాల పక్క ఊళ్ళల్లో గల్ఫ్ ఏదైనా దుబాయే. బాపు పోయింది రాస్ అల్ ఖైమాకి, రాళ్ళ క్వారీలో టిప్పర్ నడపడానికి. తర్వాత కంపెనీ మారి నిజంగానే దుబాయ్‌కి, అక్కడి అల్ ఖూజ్‌కి వచ్చి బస్సు డ్రైవరయ్యాడు. తెల్లారి పనివాళ్ళను వాళ్ళుండే క్యాంపులో ఎక్కించుకుని సైటు దగ్గర దించడం, పొద్దుగూకాక సైటు దగ్గర ఎక్కించుకుని క్యాంపులో దించడం. నాకు బాపు అంటే చాలాకాలం ఫోన్లో ఒక గొంతు. రెండేళ్ళకోసారి ఆ గొంతుకు ఒక మనిషి, తాళ్ళతో కట్టిన ఒక పెద్ద పెట్టె తోడయ్యేవి. సెలవు అయిపోగానే మనిషీ పెట్టే పోయి మళ్ళీ గొంతే మిగిలేది.

ఆ గొంతు నన్ను లా చదవమంది. కారణం క్వారీ రోజుల్లోది. టిప్పర్ వెనక్కి తీస్తుంటే ఇంకొకతని కాలికి దెబ్బ తగిలి బాపును కోర్టుకు తీసుకెళ్ళారు. తప్పు తనది కాదని బాపుకు తెలుసు, చెప్పడానికి భాష లేదు. అప్పుడు నల్లగౌను వేసుకున్న ఒకాయన లేచి నిలబడి అరబ్బీలో ఏదో అన్నాడు. బాపును వదిలేశారు.

"నన్ను ఇడిపిచ్చిన మాట ఏందో ఇప్పటికీ తెల్వది బిడ్డా. మాట మాత్రం నిలబడే అన్నడు" అనేవాడు.

బాపుకు లా అంటే మొత్తం అంతే. ఒక మనిషి నిలబడతాడు, ఇంకో మనిషి ఇంటికి పోతాడు.

నేను వరంగల్‌లో లా చదివాను. ఒక ఏడాది జగిత్యాల కోర్టులో ఒక సీనియర్ దగ్గర పనిచేశాను. నిలబడి మాట్లాడాను కూడా. "వాయిదా ఇప్పించండి సార్" అన్నది నా వాదన మొత్తం. దాంట్లో నన్ను ఓడించినవాళ్ళు లేరు. బాపు చూడలేదు కాబట్టి అది లెక్కలోకి రాలేదు.

కరోనా కొంచెం తగ్గాక, 2021లో నాకు దుబాయ్‌లో ఒక లా ఆఫీసులో ఉద్యోగం దొరికింది. ఎయిర్‌పోర్టులో బాపు మాస్కు పెట్టుకుని నిలబడ్డాడు, నేనూ మాస్కులోనే ఉన్నాను. ఇద్దరం ఒకరినొకరం గొంతును బట్టే గుర్తుపట్టాం. దాంట్లో మాకు అలవాటుంది కదా.

నేను పుట్టి బుద్ధెరిగాక బాపు, నేను ఒకే ఊళ్ళో ఉండటం అదే మొదలు. ఒకే ఇంట్లో కాదు. నేను అల్ కుసైస్‌లో ఒక గదిలో నలుగురు ఆడపిల్లల మధ్య ఒక మంచం, ఆయన అల్ ఖూజ్‌లో ఒక గదిలో ఎనిమిది మంది మగవాళ్ళ మధ్య ఇంకో మంచం. వాళ్ళ క్యాంపులోకి ఆడవాళ్ళు రాకూడదు, మా గదిలోకి మగవాళ్ళు రాకూడదు. అందుకని ఆదివారం నేను మెట్రో, బస్సు మారి వెళ్తే క్యాంపు గేటు బయట నిలిపిన ఆయన బస్సులో కలుసుకునేవాళ్ళం. ఆయన డ్రైవర్ సీట్లో కూర్చునేవాడు, నేను వెనక మొదటి సీట్లో. ఎప్పుడూ తిరిగి చూసేవాడు కాదు. పైనున్న అద్దంలోంచి మాట్లాడేవాడు. వెనక కూర్చున్నవాళ్ళతో మాట్లాడాలంటే అద్దంలో చూడాలని ఆయన మెడకు అలవాటైపోయింది. ఇద్దరికీ చెరో కప్పు కరక్ చాయ్. ఆయన అడిగే ప్రశ్న ఒక్కటే.

"ఎన్నడు నిలబడ్తవ్ బిడ్డా?"

"నేను నిలబడేదాన్ని కాదు బాపు. సొలిసిటర్ అయితున్న. కూసుండి రాసేదాన్ని."

"గదేంది? వకీలు కూసుంటడా?"

దుబాయ్‌లో అరబ్బీలో నడిచే కోర్టులున్నాయి, అక్కడ నిలబడి వాదించాలంటే ఈ దేశపు మనిషై ఉండాలి. ఇంగ్లీషులో, ఇంగ్లీషు పద్ధతిలో నడిచే కోర్టు ఒకటుంది. మా ఆఫీసు పని దాంట్లో. ఇదంతా చెప్పి అసలు సంగతికి వచ్చాను.

"ఇంగ్లండోళ్ళు వకీలును రెండు ముక్కలు జేసిండ్రు బాపు. ఒకలు వచ్చినోళ్ళ గోడు విని, కాయితాలు జమ జేసి, కేసు మొత్తం తయారు జేస్తరు. గాళ్ళు సొలిసిటర్లు. ఇంకొకలు గా కాయితాలు వట్టుకొని జడ్జి ముంగట నిలబడి వాదిస్తరు. గాళ్ళు బారిస్టర్లు."

బాపు పైనున్న అద్దాన్ని నా వైపు కొంచెం తిప్పాడు.

"అంటే నువ్వు క్లీనరువి."

"కాదు బాపు!"

"లోడు కట్టుడు, టైర్ల గాలి సూసుడు, అద్దం తుడుసుడు నీ పని. స్టీరింగ్ ఇంకొకలది. క్లీనర్ కాకపోతె ఏంది మరి?"

"క్లీనర్ లేకుంటె బండి కదలది."

"అందరు క్లీనర్లు గట్లనే అంటరు."

జగిత్యాలలో ఒకే నల్లకోటు అన్ని పనులూ చేస్తుంది. కక్షిదారుతో చాయ్ తాగుతుంది, పిటిషన్ రాస్తుంది, నిలబడి వాదిస్తుంది, ఓడిపోతే ఊరంతటికీ కారణం చెప్తుంది. ఇక్కడ ఆ పని ఇద్దరిది. కక్షిదారు బారిస్టర్ దగ్గరికి సామాన్యంగా నేరుగా పోడు, సొలిసిటర్ తీసుకెళ్ళాలి. సొలిసిటర్‌కు మనిషి తెలుసు, బారిస్టర్‌కు ఆ మనిషి కేసు తెలుసు. నాకీ ఏర్పాటు బాగా నచ్చింది. జోకులు వేయడం వేరు, జడ్జి ముందు నోరు తెరవడం వేరు. రెండోది నా చేత కాదు.

"మరి గా బారిస్టర్ చదువు సదువరాదు?" అన్నాడు బాపు ఇంకో ఆదివారం.

"దానికి లండన్ల పాత సత్రాల లెక్క నాలుగుంటయి. ఏదో ఒకదాంట్ల చేరాలె. పెద్ద పెద్ద బారిస్టర్లతోని కూసుండి విందులు తినాలె. అటెన్క ఒక ఏడాది ఒక సీనియర్ ఎనుక తిరగాలె."

"విందులా? తిని పాసైతరా?"

"తినుడు గూడ సదువే. పెద్దోళ్ళతోని ఎట్ల మెలగాల్నో తెలుస్తదట."

"మీ అమ్మ తమ్ముడైతె మొదటి ఏడే పాసయితుండె."

బారిస్టర్లలో బాపుకు నచ్చింది ఒక్కటే నియమం. తనకు వచ్చిన పనైతే, ఖాళీ ఉంటే, ఈ మనిషి నాకు నచ్చలేదు అని కేసు వద్దనకూడదు. వరసలో ముందున్న టాక్సీ ఎవరొస్తే వాళ్ళను ఎక్కించుకోవాలి కదా, అలాగే. ఇంగ్లీషులో దానికి పేరు కూడా టాక్సీ స్టాండు మీదే పెట్టారు.

"గట్లయితె మా అల్ ఖూజ్ బండ్లోళ్ళందరు బారిస్టర్లే" అని ఆ వారమంతా క్యాంపులో అందరికీ చెప్పాడట. సొలిసిటర్ల గురించి ఎవరికీ ఏమీ చెప్పలేదు. కూతురు క్లీనరని చెప్పుకోవడానికి ఏ తండ్రికి మనసొప్పుతుంది?

నా చదువు అట్లా సాగుతుండేది. మొదటి పరీక్ష ఒక కంప్యూటర్ సెంటర్‌లో. లోపలికి పోయేముందు జేబులు తిరగేయించారు, కళ్ళద్దాల కాడలు కూడా పట్టుకుని చూశారు. ప్రశ్నకు అయిదు జవాబులు, అయిదూ సరైనవాటిలాగే ఉంటాయి, అందులో అన్నిటికంటే సరైనదాన్ని గుర్తుపట్టాలి. పాసయ్యాను. రెండో పరీక్షలో మాట్లాడే భాగం ఉంది, దానికి ఇంగ్లండు వెళ్ళాలి. సొలిసిటర్‌కైనా జడ్జి ముందు నాలుగు మాటలు చెప్పడం వస్తుందో లేదో చూస్తారట. ఎదురుగా జడ్జి వేషంలో ఒకరు కూర్చుంటారట. దానికి చాలా వ్యవధి ఉందని నేను నిశ్చింతగా ఉన్నాను. ఇవి కాక రెండేళ్ళ పని అనుభవం, అది నిజమేనని ఒక సొలిసిటర్ సంతకం. నాకు సంతకం పెట్టాల్సింది మా మేడమ్. మలయాళీ, ఇంగ్లండులో చదువుకుని వచ్చిన మనిషి. నా జోకులకు నవ్వదు. నవ్వితే సంతకంలో బిగువు తగ్గుతుందనుకుంటుందేమో.

ఆ మధ్య బాపు మెట్లెక్కితే ఆగడం మొదలుపెట్టాడు. బస్సు ఎక్కే ఆ రెండు మెట్లకు కూడా. అడిగితే గ్యాస్ అన్నాడు. మా దగ్గర గుండెకు సంబంధించిన ప్రతిదానికీ మొదటి పేరు గ్యాసే. బలవంతంగా క్లినిక్‌కి తీసుకెళ్తే గుండెకు రక్తం సరిగా పోవడం లేదన్నారు, బస్సు నడపకూడదన్నారు. కంపెనీ కొన్నాళ్ళు స్టోర్‌లో కూర్చోబెట్టింది. తర్వాత ముదీర్, అంటే మేనేజర్, పిలిచి భుజం తట్టి, ఈ నెలాఖరుకి వీసా క్యాన్సిల్ అన్నాడు.

"నన్ను క్యాన్సిల్ చేస్తున్నరట" అన్నాడు బాపు ఆ ఆదివారం. బస్సు ఇప్పుడు వేరే డ్రైవర్‌ది కాబట్టి మేం కెఫెటేరియా బయట ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. అద్దం లేదు. నా వైపు చూసి మాట్లాడటం ఆయనకు చేతకాలేదు, రోడ్డు మీద పోయే పికప్‌లను చూస్తూ మాట్లాడాడు.

"మంచిదే గద బాపు. ఇంటికి పోయి పండుకో."

"పండుకుంట. పోయేలోపట ఒక్కసారి సూద్దామనుకున్న."

ఏం చూద్దామనుకున్నాడో నేను అడగలేదు. ఎడారి సఫారీ కాదని తెలుసు.

మా ఆఫీసు పాలరాయి కంపెనీ తరఫున నడుపుతున్న కేసు విచారణ ఆ నెలలోనే ఉంది. కరోనా పుణ్యమా అని ఆ కోర్టులో చాలా విచారణలు వీడియోలోనే నడుస్తున్నాయి, ముందే పేరు నమోదు చేసుకుంటే ఎవరైనా చూడొచ్చు. మేడమ్‌ని అడిగాను. "పబ్లిక్ హియరింగే. పాలరాయి మీద అంత ఆసక్తి ఉన్నవాళ్ళుంటే ఎవరు కాదంటారు?" అంది. మేడమ్ కూడా జోకులు వేయగలదని అప్పుడే తెలిసింది.

బాపుకు ముందే చెప్పాను. "నేను మాట్లాడ బాపు. మా బారిస్టర్ లండన్ నుంచి మాట్లాడ్తది. నేను ఒక చిన్న డబ్బల ఉంట."

"డబ్బల ఏం జేస్తవ్?"

"ఆమెకు ఫోన్ల చీటీలు పంపుత. ఫలానా కాయితం చూడు, ఫలానా మాట మరువకు అని."

"పరీక్షల కాపీ అందిచ్చినట్టు."

"అచ్చం గట్లనే."

"కనవడ్తవ్ గద?"

"కనవడ్త."

"సాలు."

విచారణ రోజు మధ్యాహ్నం మా ఆఫీసు మీటింగ్ రూములో నేనూ మేడమ్ చెరో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాం. నా పక్కన కాగితాల కట్ట, దానికి వారం రోజులు నేను పేజీ నంబర్లు వేశాను. తెర మీద ఒక డబ్బాలో జడ్జి, వెనక అల్మారా. ఒక డబ్బాలో మా బారిస్టర్, విగ్గు లేదు, మామూలు నల్లకోటు. అవతలివాళ్ళు. ఇంకో డబ్బాలో వంటగది.

వంటగది ఎందుకుందో నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత బాపు కనిపించాడు. ఇస్త్రీ చొక్కా, పైగుండీ దాకా పెట్టుకుని, స్టీలు గిన్నెల ముందు కూర్చున్నాడు. ఆయన వెనక అయిదారుగురు నిలబడి ఉన్నారు. పక్కనే కడప నుంచి వచ్చిన వంటాయన, బాపు గదిలో పై మంచం ఆయనది, గరిటె పట్టుకునే ఉన్నాడు. గదిలో సిగ్నల్ సరిగా ఉండదని వంటగదిలో పెట్టుకున్నారట. ఒకాయన దగ్గుతున్నాడు, ఇంకొకాయన ముక్కు మూసుకున్నాడు. మిరపకాయలు.

చూడటానికి వచ్చినవాళ్ళు మాకు కనిపించకూడదు, వాళ్ళ మైకు, కెమెరా రెండూ మూసి ఉంటాయి. మరి వీళ్ళెలా కనిపిస్తున్నారు? సంగతి తర్వాత తెలిసింది. నమోదు చేసుకునేటప్పుడు ఎవరి తరఫున హాజరవుతున్నారని కోర్టు ఫారం అడుగుతుంది. ఎవరి తరఫునా కాదు, ఊరికే చూడటానికి అనే జవాబు కూడా అక్కడే ఉంది. వంటాయన దాన్ని చదివాడు, చదివి కోపం తెచ్చుకున్నాడు. "ఊరికే చూడ్డానికి ఏందన్నా, మన పాప ఒక పక్క ఉంటే మనం ఎవురి పక్కా కాదా?" అని పాలరాయి కంపెనీ తరఫున అని నొక్కాడు. రెండు జట్లు ఆడుతుంటే మధ్యలో కూర్చోవడం వాళ్ళకు మర్యాదగా తోచలేదు. కోర్టు గుమాస్తా మా వాళ్ళే అనుకుని బాపును లాయర్ల మధ్యకు రానిచ్చాడు.

విచారణ మొదలైంది. మా బారిస్టర్ జిగురు గురించి చెప్తోంది. తేమ, సిమెంటు, రాయి పీల్చుకునే గుణం. నేను ఫోన్లో చీటీలు పంపుతున్నాను. ఒక కన్ను వంటగది మీదే ఉంది. బాపు కదలకుండా చూస్తున్నాడు. ఒక్క ముక్క అర్థం కాదని తెలుసు. అర్థమయ్యే నాకే నిద్ర వస్తోంది. ఆయన మాత్రం కళ్ళార్పలేదు, తెరలో ఒక మూల మీదే చూపు. ఆ మూల నా డబ్బా అయ్యుంటుంది.

క్లయింట్ ఫోన్ చేస్తే మేడమ్ బయటికి వెళ్ళింది. సరిగ్గా అప్పుడే లండన్ డబ్బా బిగుసుకుపోయింది. బారిస్టర్ నోరు సగం తెరిచి అలాగే ఆగిపోయింది. తర్వాత ఆ డబ్బా మాయమైంది.

జడ్జి కళ్ళజోడు తీశాడు, పెట్టుకున్నాడు. ఇంగ్లీషులో అడిగాడు, పాలరాయి కంపెనీ తరఫున ఇంకెవరైనా ఉన్నారా అని.

నేనున్నాను. నా వేలు మైకు మీటకు రెండంగుళాల దూరంలో ఉంది. ఆ కోర్టులో వాదించే అర్హత నాకు లేదు, లైను తెగిందని చెప్పడానికి ఏ అర్హతా అక్కర్లేదు. అంతా తెలుసు. వేలు మాత్రం తనకేమీ తెలియనట్టు ఉండిపోయింది.

వంటగదిలోంచి కడప గొంతు వినిపించింది. "మనోళ్ళు ఎవురైనా ఉండారా అని అడగతాండాడన్నా. పలకకపోతే ఆబ్సెంట్ ఏస్తాడు!"

బాపు లేచి నిలబడ్డాడు. మెట్లెక్కితే ఆగే మనిషి ఒక్క ఉదుటున లేచాడు.

"హై సాబ్" అన్నాడు. "మేరీ బేటీ హై ఉధర్."

కోర్టంతా నిశ్శబ్దం. మొదట్లో చెప్పాను కదా, అదే నిశ్శబ్దం. అవతలివైపు లాయర్ తాగుతున్న నీళ్ళ గ్లాసు పెదాల దగ్గరే ఆగిపోయింది.

తర్వాత బాపు జడ్జిని వదిలేసి నాతో తెలుగులో అన్నాడు. "లే బిడ్డా. నిన్నే అడుగుతుండ్రు. లేసి నిలవడు."

లేచాను. వీడియో విచారణలో ఎవరూ నిలబడరు, ఆ సంగతి నాకు ట్రైనింగ్‌లో చెప్పారు కూడా. అయినా లేచాను. మైకు నొక్కాను.

"మై లార్డ్, మా బారిస్టర్ లైను తెగింది. మళ్ళీ కలుస్తున్నారు. దయచేసి ఒక్క నిమిషం ఇప్పించండి."

జగిత్యాల చదువు వృథా పోలేదు. ఇక్కడ కూడా నేను వాయిదానే అడిగాను, చిన్నది.

"అలాగే" అన్నాడు జడ్జి. "ఇప్పుడు మాట్లాడిన పెద్దమనిషి ఎవరు?"

"మా నాన్న, మై లార్డ్."

"ఈ కేసుతో ఆయనకు సంబంధం?"

"ఏమీ లేదు, మై లార్డ్."

జడ్జి తల కిందికి దించుకున్నాడు. నవ్వాడో రాసుకున్నాడో తెలియదు. ఆయన ఉండొచ్చు, మైకు మాత్రం మూసుకోమనండి అన్నాడు. నేను తెలుగులో చెప్పాను. వంటగది డబ్బా చీకటైపోయింది. వాళ్ళు కంగారులో మైకుతో పాటు కెమెరా కూడా మూసేశారు. లండన్ నుంచి బారిస్టర్ తిరిగి వచ్చింది, ఆలస్యానికి క్షమాపణ చెప్పింది, రాయి పీల్చుకునే గుణం దగ్గర ఆపిన వాక్యాన్ని అక్కడి నుంచే అందుకుంది. మేడమ్ లోపలికి వచ్చి, ఏమైనా జరిగిందా అని అడిగింది. ఏం లేదు మేడమ్, లైను తెగింది అన్నాను.

సాయంత్రం బాపు ఫోన్ చేశాడు. మళ్ళీ గొంతు.

"తప్పు జేసిన్నా బిడ్డా?"

"ఏం లేదు బాపు. జడ్జికి నువ్వు నచ్చినవ్. రేపటి నుంచి రమ్మన్నడు."

నవ్వలేదు. "నిలవడ్డవ్ గదా."

"నిలవడ్డ."

"సూసిన" అన్నాడు. "మొఖం కనవడలే."

అప్పుడు గుర్తొచ్చింది. ల్యాప్‌టాప్ బల్ల మీదుంది, కెమెరా కూర్చున్న మనిషి ఎత్తుకు పెట్టింది. నేను లేచి నిలబడగానే తల తెర దాటి పైకి పోయింది. జడ్జితో, అవతలి లాయర్లతో, మా బాపుతో మాట్లాడింది మెడలో ఐడీ కార్డు వేలాడుతున్న ఒక నీలం చొక్కా.

"గొంతు ఇన్నవ్ గద బాపు."

"ఇన్న. గొంతు మంచిగున్నది." ఇంకా ఏదో అడుగుతాడనుకున్నాను. "నువ్వు ఏమన్నవ్ గాయినతోని?" అన్నాడు.

నాకు జోకు తట్టింది, అనలేదు. ఆయన్ను విడిపించిన మాట ఏమిటో ఆయనకు ఎప్పటికీ తెలియలేదు, ఈ మాటైనా తెలియాలనిపించింది. ముక్క ముక్కా తెలుగులో చెప్పాను. లైను తెగింది, ఒక్క నిమిషం కావాలి, ఆ మాట్లాడింది మా నాన్న.

"గంతేనా?" అన్నాడు.

"గంతే."

"గంత ఇంగిలీషుకు గంతేనా?"

వచ్చే ఆదివారం కలుద్దామనుకున్నాం. పెట్టె కట్టేటప్పుడు నేనుంటే బాగుంటుందన్నాడు, అమ్మకు ఏం కొనాలో తనకు తెలియదని. రెండో పరీక్షకు ఇంగ్లండు పోతే అక్కడ కెమెరాలుండవు కదా అని అడిగాడు. ఉండవు, ఎదురుగానే నిలబడి మాట్లాడాలి అన్నాను. అయితే అది తర్వాత చూద్దాం అన్నాడు, ఆయనే చూడటానికి వస్తున్నట్టు.

శుక్రవారం పొద్దున వంటాయన చాయ్ ఇద్దామని లేపితే బాపు లేవలేదు.

ఆ ఫోన్ గురించి ఎక్కువ రాయను. కడప మనిషి ఏడుస్తూ మాట్లాడితే నాకు సగమే అర్థమైంది, ఆ సగం చాలింది. నేను వెళ్ళేసరికి గేటు దగ్గర సెక్యూరిటీ నన్ను లోపలికి రానిచ్చాడు. మూడేళ్ళలో మొదటిసారి. ఆ గది చూశాను. కింది మంచం, దుప్పటి, గోడకు మేకుకు ఇస్త్రీ చొక్కా. ఎనిమిది మంది మనుషులు గది బయట వరసగా నిలబడ్డారు. వంటాయన, "కూచో పాపా, నీళ్ళు తాగు" అన్నాడు. కూర్చోవడానికి ఆ గదిలో ఉన్నది ఆ మంచమే. నిలబడే తాగాను.

ఆ తర్వాత పనంతా సొలిసిటర్‌ది. ఎక్కడా వాదన లేదు. పోలీసులకు ఒక ఉత్తరం, ఆస్పత్రికి ఒకటి, కంపెనీకి ఒకటి, కాన్సులేట్‌కు ఒకటి. మరణ ధ్రువీకరణ అరబ్బీలో, దానికి ఇంగ్లీషు అనువాదం, దాని మీద ముద్ర. వీసా క్యాన్సిల్ అయితేనే మనిషిని పంపిస్తారు. నెలాఖరున జరగాల్సిన క్యాన్సిల్ వారం ముందే జరిగింది, అంతే తేడా. కౌంటర్లలో నన్ను ఒకే మాట అడిగారు, మీరెవరు అని. కూతుర్ని అన్నాను. రుజువు చూపించమన్నారు. చూపించాను. ఏ కాగితం ఎక్కడ అడుగుతారో ముందే సర్దుకుని, నంబర్లు వేసుకుని, కట్ట కట్టి తీసుకెళ్ళాను. నా జీవితంలో అంత శుభ్రంగా తయారుచేసిన ఫైలు ఇంకోటి లేదు. బాపు చూసుంటే, లోడు మంచిగ కట్టినవ్ అనేవాడు.

ఆ వారంలోనే కోర్టు నుంచి పాలరాయి విచారణ నమోదు పత్రం వచ్చింది. ఎవరెవరు హాజరయ్యారో మొదటి పేజీలో ఉంటుంది. పాలరాయి కంపెనీ తరఫున మా బారిస్టర్ పేరు, కింద మేడమ్ పేరు, కింద బాపు పేరు, పాస్‌పోర్టులో ఉన్నట్టు పూర్తిగా. నా పేరు లేదు. నాకు హాజరయ్యే అర్హత లేదు కదా.

మేడమ్ ఆ పేజీ నా ముందు పెట్టింది. "ఇది ఎవరూ చదవరు. వదిలేద్దాం" అంది.

సొలిసిటర్‌కు నేర్పే మొదటి పాఠాల్లో ఒకటుంది, కోర్టు ముందు తప్పును తెలిసి తెలిసి ఉంచకూడదు అని. పరీక్షలో దాని మీద ప్రశ్న వచ్చింది, అయిదు జవాబులతో. నేను సరిగానే పెట్టాను. అందుకని కూర్చుని రాశాను. ఫలానా పేరుగల వ్యక్తి ఏ పక్షానికీ ప్రతినిధి కాదు, పొరపాటున చేర్చబడ్డారు, దయచేసి ఆ పేరు తొలగించగలరు. నాలుగు వరసలు. మేడమ్ చదివింది, ఒక కామా మార్చింది, సంతకం పెట్టింది. మర్నాడు సవరించిన పేజీ వచ్చింది, శుభ్రంగా ఉంది.

శిక్షణ రికార్డు నింపేటప్పుడు మేడమ్ అడిగింది, వాదనా నైపుణ్యం అన్నచోట ఏం రాయాలి అని. ఖాళీగా ఉంచమన్నాను. ఆమె నా మాట వినకుండా ఏదో రాసుకుంది. ఏం రాసిందో నేను చూడలేదు. సంతకం పెట్టిందన్నది ముఖ్యం.

బాపును నేనే తీసుకెళ్ళాను. అంటే, ఆయన కింద, నేను పైన, ఒకే విమానంలో. ఇరవై ఏళ్ళ పైచిలుకులో మేమిద్దరం కలిసి చేసిన మొదటి ప్రయాణం. పక్క సీటులో ఒకాయన, సెలవు మీద పోతున్నావా అమ్మా అని అడిగాడు. అవునన్నాను. కిటికీలోంచి దుబాయ్ దీపాలు కనిపించాయి, అందులో అల్ ఖూజ్ ఏదో గుర్తుపట్టలేకపోయాను.

హైదరాబాద్‌లో మా మేనమామ, అంబులెన్సు డ్రైవర్ ఇద్దరూ ప్రయాణికులు బయటికి వచ్చే గేటు దగ్గర నా కోసం కాచుకుని ఉన్నారు. శవపేటిక ఆ గేటు నుంచి రాదు. కార్గో టెర్మినల్ వేరే ఉంటుంది, దారి కూడా వేరు. అంబులెన్సు నేరుగా అక్కడికే రావాల్సింది, ఇప్పుడు పార్కింగ్‌లోంచి బయటికి వచ్చి మళ్ళీ చుట్టూ తిరిగి వెళ్ళాలి. డ్రైవర్ పక్కన క్లీనర్ సీట్లో కూర్చుని, కాగితాల కట్ట ఒళ్ళో పెట్టుకుని, దారి నేనే చెప్పాను.